గట్లు ఎక్కలేని సర్వేయరు

మండల సర్వేయరు పనిలో సగం నడకే. పొలాల కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) చేత పట్టుకుని, ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే రోవరు మోసే కుర్రాడితో కలిసి, సరిహద్దు రాళ్లు వెతుక్కుంటూ గట్ల వెంబడి తిరగాలి. అలా తిరిగే రోజుల్లోనే ఒకసారి నీళ్ల విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం వెనక వస్తున్న రైతు "అమ్మా, మీ చెప్పు అక్కడే ఉండిపోయింది" అంటూ తెచ్చి ఇచ్చేదాకా అది కాలి నుంచి జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. మర్నాడు మంచం మీద నుంచి లేవలేకపోయాను.

గుంటూరులో న్యూరాలజీ వైద్యులు మోకాలి కింద సుత్తితో తట్టి చూశారు, కాలు కదలలేదు. నరాల పరీక్ష, వెన్ను నీటి పరీక్ష చేసి గిలాన్ బారీ సిండ్రోమ్ అని తేల్చారు. ఏదో ఇన్‌ఫెక్షన్ మీదికి లేచిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాలనే దెబ్బతీస్తుంది. బలహీనత పాదాల నుంచి పైకి పాకుతుంది. అది ఊపిరి కండరాలను పట్టుకుంటే వెంటిలేటరు పెట్టాలి కాబట్టి, డ్యూటీ డాక్టరు పూటపూటకీ వచ్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో పైకి లెక్కపెట్టించేవారు. ఆ అంకె తగ్గుతున్నకొద్దీ మా ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించిన తర్వాత ఆ అంకె దిగడం ఆగింది.

దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు, కొలతలే వృత్తి అయినదాన్ని కనుక, నడుము నుంచి పాదం దాకా ఉన్న దూరాన్ని మనసులోనే లెక్క వేసుకున్నాను. చాలావరకు కోలుకున్నాను. పాదాలు మాత్రం పూర్తిగా పైకి లేవవు. బూటులో ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుని నడుస్తాను. మధ్యాహ్నానికి వచ్చే అలసట ఎవరికీ కనిపించదు, అందుకే దాన్ని నమ్మించడం అన్నిటికన్నా కష్టం.

సెలవు ముగించుకుని వెళితే, అప్పటి పై అధికారి ఆదరంగానే "ఇంకెందుకమ్మా ఈ కష్టం, వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుంటే పెన్షన్ వస్తుంది కదా" అన్నారు. ఉద్యోగ సంఘంలోని ఒక పెద్దాయన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తెచ్చి 20వ సెక్షను చదివించారు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా పదవీ విరమణ వయసు దాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం పత్రంలో నలభై శాతం రాకపోతే ఏ హక్కూ లేదని చాలామంది అనుకుంటారు గాని, ఈ ఉపనిబంధనలో ఆ శాతం ప్రస్తావనే లేదు. రంగులు గుర్తించలేడని ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవరు విషయంలోనూ, ప్రత్యామ్నాయ ఉద్యోగం చూడకుండా పంపడం చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది.

అర్జీ పెట్టుకున్నాను. జిల్లా కార్యాలయంలో పటాలు సరిచూసే పని ఇచ్చారు. గట్టు తగాదాలు ఎక్కడెక్కడ పుడతాయో తిరిగి తెలుసుకున్న మనిషిని కాబట్టి ఆ పనిలో నా అనుభవం ఏమీ వృథా కాలేదు. అయితే అక్కడి మరుగుదొడ్డి నేలబారుది, కూర్చుంటే లేవలేను. సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా గుక్కెడు నీళ్లు తాగకుండా గడిపిన రోజులున్నాయి. కొత్తగా వచ్చిన అసిస్టెంట్ డైరెక్టరు (ఏడీ) గారు ఈ సంగతి తెలుసుకుని ఒక కమోడ్, గోడకు ఒక స్టీలు కడ్డీ పెట్టించారు. నా దృష్టిలో నాకు దక్కిన సదుపాయాలన్నిటిలోకీ ఇదే పెద్దది, ఖర్చు చూస్తే చిన్నది. చేతులున్న గట్టి కుర్చీ, కింది అంతస్తులో గది, భోజనం తర్వాత అరగంట నడుము వాల్చే వీలు, రద్దీ తగ్గాక బస్సెక్కేలా కాస్త మారిన వేళలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా సమకూరాయి. వీటిలో ఏదీ దయ కాదు, నేను పని చేయడానికి కావలసిన సామగ్రి. రోవరు లేకుండా సర్వేకు ఎవరినీ పంపరు కదా.

ముందు గుమ్మానికి ర్యాంపు ఇంకా పడలేదు. దాని కోసం ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాశాను. వినికిడి లేని ఒక కుర్రాడు మా సెక్షనులో చేరబోతున్నాడని తెలిసి, అతనికి ఏమేం ఏర్పాట్లు చేయాలని ఏడీ గారు నన్ను పిలిచి అడిగారు. అతను చేరకముందే ఉత్తరం రాసి అతన్నే అడగమన్నాను. ఆ సాయంత్రమే రాయించారు.