స్లాబు ఇనుము లెక్క

మా బావ తిరుచానూరు దగ్గర ఇల్లు కడుతున్నాడు. ఈ వారం సాయంత్రాలన్నీ స్లాబుకి, పునాదికి ఇనుము లెక్క కట్టడంతోనే సరిపోయింది, నిజంగా బాగా నచ్చింది ఈ పని. మేస్త్రీ నోటిలెక్క చదరపు అడుగుకి ఇన్ని కేజీలని చెప్పేస్తాడు, అది అంచనాకి పనికొస్తుంది గానీ దాన్ని నమ్మి లోడు దించుకోకూడదు, డ్రాయింగ్ చూడాల్సిందే.

సూత్రం చిన్నదే. కమ్మి మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కేజీల్లో వస్తుంది. 10 ఎంఎంకి 0.617, 12 ఎంఎంకి 0.89 దాకా. హాల్ స్లాబు 4.5 మీటర్ల పొడవునా 150 ఎంఎం దూరంలో 10 ఎంఎం కమ్మీలు పరిస్తే 31 వస్తాయి, ఒక్కోటి 4 మీటర్లు, అంటే 124 మీటర్లు, దాదాపు 76 కేజీలు. ఇది ఒక వైపు మాత్రమే! అడ్డం కమ్మీలు, క్రాంకులు (కమ్మీని ఏటవాలుగా పైకి వంచే చోట్లు), అతుకుల దగ్గర ల్యాపులు (ఒక కమ్మీ పక్కన ఇంకోటి కలిపి కట్టే పొడవు) అన్నీ విడిగా కలపాలి.

పునాదిలో అయితే అడుగున పరిచే కమ్మీల జాలీ రెండు వైపులా లెక్కేసి, పిల్లర్ కమ్మీలు అడుగున ఎల్ ఆకారంలో వంచే ముక్కని చాలామంది వదిలేస్తారు. పిల్లర్లన్నిటికీ కలిపితే అది తక్కువేం కాదు.

ఇంకోటి, 10 ఎంఎం వరకు కమ్మీల బరువులో 7 శాతం దాకా తేడాని ఐఎస్ 1786 (కాంక్రీటు కమ్మీలకి ఉన్న భారత ప్రమాణం) ఒప్పుకుంటుంది. అందుకే బావకి గట్టిగా చెప్పాను, కాటా వేయించు, కమ్మీలు కూడా లెక్కపెట్టు, రెండూ రాసిపెట్టుకో అని.