12 ఛానెళ్లు, 4 మైకులు

మా నాటక సమాజానికి మిక్సర్ (మైకులన్నిటి సౌండునీ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె) కొనే పని నా నెత్తిన పడింది. నాకు సౌండ్ గురించి తెలుసని కాదు. పద్యం పాడటం రాదు, వేషం కట్టడం రాదు, కానీ ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పి మళ్లీ బిగించగలనని అందరికీ తెలుసు. అదే నా అర్హత.

మాది తెనాలి. 14 మందిమి కలిసి ఏడాదికి పది పన్నెండు చోట్ల పౌరాణిక పద్య నాటకాలు వేస్తాం. శివరాత్రి, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్లు. ఎక్కడికి వెళ్లినా ఆ ఊరి మైక్‌సెట్ వాళ్లే దిక్కు. చాలాచోట్ల ఉండేది అహూజా ఆంప్లిఫయర్. మైకులు నేరుగా దాంట్లోకే గుచ్చుతారు, ఒక్కో మైకుకి ఒక్కో వాల్యూమ్ నాబ్. సభలకీ అనౌన్స్‌మెంట్లకీ అది రాయిలాంటి మిషను, వంక పెట్టలేం. మా పని వేరు. కృష్ణుడు రాగం అందుకుని పైకి వెళ్లేసరికి మైకు కుయ్యిమంటుంది. ఆపరేటర్ కుర్రాడు గాభరాపడి మొత్తం వాల్యూమ్ తగ్గించేస్తాడు. పద్యం ఆఖరి పాదం వెనక బెంచీల వాళ్లకి అందదు. వన్స్ మోర్ పడేది ఆ పాదానికే.

దానికి తోడు యూట్యూబ్ సరదా. ఫోన్లో తీసిన వీడియోల్లో పద్యం కంటే పక్కనున్న పిల్లాడి ఏడుపే బాగా వినపడేది. అందుకని తలా కాస్త వేసుకుని 24 వేలు పోగుచేశారు. స్టేజికీ పనికిరావాలి, రికార్డింగుకీ పనికిరావాలి, డబ్బు దాటకూడదు.

మొదటి తప్పు వెంటనే చేశాను. ఆన్‌లైన్‌లో "12 ఛానెల్ మిక్సర్" అని చూసి, మనకి ఆరు మైకులే కదా, దండిగా సరిపోతుందనుకుని ఆర్డర్ పెట్టాను. బ్లూటూత్ ఉంది, రంగురంగుల లైట్లున్నాయి, ధర 9 వేల లోపు. పెట్టె విప్పి చూస్తే మైకు గుచ్చే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు నాలుగే! మిగతా ఎనిమిదీ ఏవని వెతికితే, కీబోర్డు, టేప్, మొబైల్ లాంటివి పెట్టుకునే స్టీరియో లైన్ జాక్‌లు నాలుగు జతలు. ఎడమ ఒకటి, కుడి ఒకటి అని లెక్కేసి ఎనిమిది చేశారు. పైగా ఏ మైకూ పెట్టకుండా గెయిన్ (మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని మొదట్లోనే పెంచే నాబ్) పెంచితే హెడ్‌ఫోన్‌లో బుస్సుమని పాము పడగ విప్పినట్టు. మర్నాడే రిటర్న్ పెట్టాను. డబ్బు తిరిగొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ "మిక్సర్ వచ్చిందా?" అని అడిగినవాళ్లకి గ్రైండర్ గురించి మాట్లాడి తప్పించుకున్నాను.

ఆ ఖాళీలో చదువుకున్నాను. ఈ లెక్క ఒక్క కంపెనీ చేసే మోసం కాదు, మిక్సర్లకి పేరు పెట్టే పద్ధతే అది. బెరింజర్ జెనిక్స్ 1202 తీసుకోండి, సౌండ్‌క్రాఫ్ట్ నోట్‌ప్యాడ్ 12ఎఫ్‌ఎక్స్ తీసుకోండి, పేరులో 12, మైకులు 4. యమహా ఎమ్‌జి10ఎక్స్‌యు పేరులో 10, అందులోనూ మైకులు 4. అవి చెడ్డవని కాదు. ఇద్దరు గాయకులు, ఒక గిటార్ ఉన్నవాళ్లకి ఆ నాలుగూ ఎక్కువే. నేను మాత్రం కాగితం తీసుకుని మా స్టేజి గీశాను. ముందు వరసలో మూడు మైకులు, పక్కన హార్మోనియానికి ఒకటి, తబలాకి ఒకటి. అయిదు. కీబోర్డు కుర్రాడు వస్తే లైన్‌లోకి వెళ్తాడు, అతనికి మైకు అక్కర్లేదు. ఆరో మైకు ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఈ బొమ్మ గీసుకుని ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి.

మా వాళ్లలో ఒకాయన ఇంకా ఎక్కువ మైకులు పెడదామన్నాడు, ఒక్కో పాత్రకి ఒకటి చొప్పున. వద్దన్నాను. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా మనం పెంచుకోగల వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. మైకులు పెరిగితే సౌండ్ పెరుగుతుందనుకుంటాం, అక్కడ జరిగేది తిరగబడి ఉంటుంది.

హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీ ఒక పూటంతా తిరిగాను. అక్కడ ఏ కొట్టులో అడిగినా ముందు చూపించేది ఎకో. కుర్రాడు మైకు పట్టుకుని "హలో హలో" అంటాడు, అది కొండల్లో మోగినట్టు నాలుగుసార్లు తిరిగొస్తుంది. మీరు "ఓహో" అనాలి. నేను ఎకో ఆపేసి చూపించమంటే అతనికి నామీద ఆసక్తి పోయింది. పద్యానికి ఎకో విషం అని నా గట్టి అభిప్రాయం. సమాసాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, శార్దూలమో మత్తేభమో తెలియని పప్పుచారు అవుతుంది.

వైఫైతో ట్యాబ్ మీద నడిపే డిజిటల్ మిక్సర్లు కూడా చూపించారు. సౌకర్యమే. కానీ మా దగ్గర కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు ఒక పాత్ర డైలాగు అయిపోతుంది. మళ్లీ ఆన్ అయ్యాక ట్యాబ్ కనెక్ట్ అయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? నాబ్ కళ్లెదురుగా ఉంటే ఎవరైనా తిప్పుతారు. అనలాగ్ అని అప్పుడే తేల్చేసుకున్నాను.

నాకు కావలసినవి మూడని ఆ గల్లీలోనే తెలిసింది. ఆరు మైకు సాకెట్లు, ఒక్కోదానికీ విడిగా గెయిన్. రెండు ఆక్స్‌లు, అంటే స్పీకర్లకి వెళ్లే మిక్స్ కాకుండా వేరే మిక్స్ బయటికి పంపే దారులు. ప్రతి మైకుకీ కింది స్థాయి శబ్దాన్ని కోసే 80 హెర్ట్జ్ బటన్. చెక్కబల్లల స్టేజి మీద దుర్యోధనుడు గద పట్టుకుని నడిస్తే ఆ దడదడ అంతా స్టాండుల్లోంచి మైకులోకి ఎక్కుతుంది, ఆ బటన్ నొక్కితే చాలావరకు పోతుంది. ఆక్స్ రెండెందుకంటే, ఒకటి వేషధారుల ముందుండే మానిటర్ బాక్సుకి. అది ఫేడర్ (ఛానెల్ వాల్యూమ్ కోసం పైకీ కిందికీ జరిపే మీట) కంటే ముందే సిగ్నల్ తీసుకునేదై ఉండాలి, దాన్నే ప్రీ అంటారు. లేకపోతే హాల్లో నేను ఫేడర్ కదిపిన ప్రతిసారీ స్టేజి మీద వాళ్లకి హార్మోనియం పెరిగీ తరిగీ శ్రుతి తప్పుతారు. చిన్న మిక్సర్లలో చాలావాటికి ఆక్స్ ఒక్కటే ఉంటుంది, ఎకో లాంటి ఎఫెక్టులూ దానిమీదే.

ఈ లెక్కకి సరిగ్గా అతికింది యమహా ఎమ్‌జి12ఎక్స్‌యు. 4 మోనో (ఒక్కోటి ఒకటిగా లెక్క), 4 స్టీరియో (ఒక్కోటి రెండుగా లెక్క), వెరసి 12. స్టీరియోల్లో రెండింటికి మైకు సాకెట్ కూడా ఉంది కాబట్టి మైకులు 6. ఆక్స్‌లు 2. కొత్తది మా డబ్బుకి అందలేదు. విజయవాడలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన డిజిటల్‌కి మారుతూ తనది అమ్ముతున్నాడని తెలిసింది. 21 వేలు చెప్పాడు.

మా హార్మోనియం మాస్టారిని వెంటబెట్టుకెళ్లాను. ఆయనకి డెబ్బై దాటాయి. మిక్సర్ అంటే ఏమిటో తెలియదు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తే మాత్రం లేచి కూర్చుంటారు. హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి, మైకు ఒక్కో సాకెట్‌కీ మారుస్తూ, ప్రతి నాబ్‌నీ ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా తిప్పాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

"నాయనా, ఆగు. ఇందాకటిది మళ్లీ తిప్పు."

తిప్పాను.

"గరగరమంటోంది. గొంతులో కఫం ఉన్నట్టు."

మూడో ఛానెల్ గెయిన్. నాకు అప్పటిదాకా వినపడనే లేదు. అమ్మేవాయన ముఖం చూస్తే ఆయనకి ముందే తెలుసనిపించింది. దుమ్ము అండీ, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది అన్నాడు. కొట్టాడు, నాబ్ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాడు, చాలావరకు పోయింది. ధరలో 1500 కూడా పోయింది.

కండెన్సర్ మైకు ఒకటి అరువు తీసుకెళ్లి 48 వోల్టుల ఫాంటమ్ (అలాంటి మైకుకి మిక్సర్ నుంచే అందే కరెంటు) కూడా చూశాను. డైనమిక్ మైకుతో, అంటే మామూలు స్టేజి మైకుతో చూస్తే ఫాంటమ్ పనిచేస్తుందో లేదో తెలియదు, దానికి ఆ కరెంటుతో పనే లేదు. చిన్న జాగ్రత్త, ఆ స్విచ్ వేసేముందు మెయిన్ ఫేడర్లు కిందికి దించాలి. మరిచిపోయి వేశాను, స్పీకర్ ఢామ్మంది, లోపలినుంచి ఆయన భార్య పరిగెత్తుకొచ్చింది. అడాప్టర్ మూడు పిన్నుల ప్రత్యేకమైన రకం. బజారులో దొరికే మామూలు అడాప్టర్ దీనికి పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అడాప్టర్ ఒరిజినల్ అవునో కాదో చూసుకునే డబ్బు ఇవ్వాలి.

మొదటి నాటకం కొల్లిపర దగ్గర ఒక పల్లెలో. సాయంత్రం సౌండ్ చెక్‌లో కృష్ణుడి వేషధారి మైకు దగ్గరకొచ్చి, "మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని పెళ్లిలో పెద్దమనిషిలా గొణిగాడు. దానికి తగ్గట్టు గెయిన్ పెట్టాను. రాత్రి ఆయనే గొంతెత్తి రాగం తీస్తే ఎర్ర లైటు ఆరితే ఒట్టు. గొంతు పగిలి రేకు డబ్బాలా వినపడింది. అప్పటికప్పుడు గెయిన్ తగ్గిస్తే మానిటర్లో కూడా తగ్గిపోయి ఆయన నావైపు చూసిన చూపు... సుదర్శనం అట్టది కాబట్టి బతికాను. ఇప్పుడు టెస్టింగులు ఒప్పుకోను. "బాబాయ్, మీ పద్యంలో పై స్థాయి ఎక్కడుందో అది పాడండి" అంటాను. ఆ స్థాయిలో ఎర్ర లైటు వెలగకుండా గెయిన్ పెట్టి, ఇక దాని జోలికి పోను. మిగతా ఆటంతా ఫేడర్ల మీదే.

రికార్డింగే అసలు తలనొప్పి. మిక్సర్‌కి యుఎస్‌బి ఉంది, ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఆ రాత్రి నాటకమంతా రికార్డ్ చేశాను. ఇంటికొచ్చి వింటే పాత్రల గొంతులు నిలువెత్తున ఉన్నాయి, తబలా ఎక్కడో పక్క వీధిలో వాయిస్తున్నట్టుంది, హార్మోనియం అసలు లేదు. హాల్లో అంతా బాగుంది కదా!

ఆలోచిస్తే సంగతి తేలిగ్గానే ఉంది. తబలా, హార్మోనియం స్టేజి మీంచే జనానికి నేరుగా వినపడతాయి. అందుకని స్పీకర్లలో వాటిని బాగా తగ్గించి పెడతాను. యుఎస్‌బిలోకి వెళ్లేది స్పీకర్లలోకి వెళ్లే ఆ మిక్సే. ఒక్కో మైకు విడివిడిగా రికార్డ్ కాదు, ఎడమ కుడి కలిపి రెండే ట్రాకులు. హాల్లో గాలి మోసుకెళ్లిన హార్మోనియం కేబుల్లో ఎలా ఉంటుంది? పెద్ద స్టూడియోలో అయితే మైకుకో ట్రాకు తీసి తర్వాత కలుపుకుంటారు. ఈ మిక్సర్‌లో ఆ వసతి లేదు, యుఎస్‌బి అనే మాట చూసి ఉందనుకున్నాను.

ఇక్కడ ఎకో మీద నాకున్న కక్ష కలిసొచ్చింది. రెండో ఆక్స్ ఎఫెక్టుల కోసం ఉద్దేశించింది. నేను ఎఫెక్టులు వాడను కాబట్టి అది ఖాళీ. దాని అవుట్‌పుట్ నుంచి చిన్న చేతి రికార్డర్‌కి కేబుల్ లాగాను. ప్రతి ఛానెల్ మీదా ఆ ఆక్స్ నాబ్ ఉంటుంది. హార్మోనియానిది బాగా పెంచి, తబలాది ఇంకాస్త పెంచి, గొంతులవి మధ్యలో పెట్టాను. స్పీకర్లకి ఒక మిక్స్, రికార్డర్‌కి ఇంకో మిక్స్. మోనోనే వస్తుంది. పద్య నాటకానికి స్టీరియో లేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆరో మైకు కథ ఇదీ. రికార్డింగులో చప్పట్లు లేకపోతే నాటకం ఖాళీ గదిలో వేసినట్టుంటుంది. ఒక కండెన్సర్ మైకుని జనం వైపు తిప్పి పెట్టి, ఆ ఛానెల్ మీద స్టీరియోకి పంపే బటన్ నొక్కకుండా వదిలేశాను. ఛానెల్ ఆన్‌లో ఉంటుంది, ఫేడర్ పైనే ఉంటుంది, రెండో ఆక్స్ తెరిచి ఉంటుంది. స్పీకర్లలోకి ఒక్క చుక్క వెళ్లదు కాబట్టి కూత భయం లేదు. రికార్డర్‌లోకి మాత్రం చప్పట్లు, ఈలలు, వెనక వరసల్లోంచి వన్స్ మోర్ కేకలు చక్కగా వస్తాయి.

మధ్యలో ఒక రాత్రి జుయ్యిమని హమ్ పట్టుకుంది. కేబుళ్లన్నీ మార్చాం, మైక్‌సెట్ వాళ్ల ఎర్త్ రాడ్డు దగ్గర నీళ్లు పోశాం. చివరికి కీబోర్డు కుర్రాడు పాటలు వేయడానికి మిక్సర్‌కి తగిలించిన ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకితే టక్కున ఆగింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలని రూలు. కీబోర్డు తీగ పొడుగ్గా లాగాల్సిన చోట డిఐ బాక్స్ (పొడుగు తీగలో రొద చేరకుండా చూసే చిన్న పెట్టె) వాడుతున్నాం. మిగిలిన డబ్బులో అదొకటి కొన్నాం.

మిక్సర్ కింద అంచున తెల్ల టేపు అంటించి పేర్లు రాశాను: ఎడమ, నడుమ, కుడి, మాస్టారు, తబలా, జనం. రెండో నాటకం రికార్డింగ్ వినిపించడానికి మాస్టారి ఇంటికి పట్టుకెళ్లాను. అరగంట విన్నారు. అయిపోయాక, "నాయనా, రెండో అంకంలో నా మధ్యమం తగ్గింది. ఎవరూ చెప్పలేదేం?" అన్నారు. ఆ రీడు మార్పించడానికి మొన్న మంగళవారం గుంటూరు వెళ్లొచ్చారు.