అమ్మ మోకీలు మార్పిడికి ముందు మేం చేసుకున్న ఏర్పాట్లు

అమ్మకి కుడి మోకాలి గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, కీలు మార్చడం తప్ప దారి లేదని గుంటూరులో ఎముకల డాక్టరు గారు తేల్చేశాక ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఆపరేషన్ ఎప్పుడు? ఆయన తేదీ ఇవ్వలేదు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అమ్మకి 8.6 వచ్చింది. అది 7.5 లోపుకి దిగాకే చేస్తానన్నారు. షుగరు ఎక్కువగా ఉంటే గాయం తొందరగా మానదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. లోపల పెట్టిన కొత్త కీలుకి ఇన్ఫెక్షన్ పట్టిందంటే ఒక్కోసారి మళ్లీ కోసి దాన్ని తీసెయ్యాల్సి వస్తుంది.

తర్వాత నోరు తెరవమని టార్చి వేసి చూశారు. వెనక ఒక పిప్పి పన్ను ఉంది. ముందు అది తీయించుకుని, చిగురు మానాక రమ్మన్నారు. ఇంటికొచ్చి చెబితే మా పెద్దమ్మ "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదేనే" అంది. కానీ ఇక్కడ ముడి నిజంగానే ఉంది. పంటి దగ్గరి బాక్టీరియా రక్తంలో కలిసి కొత్త కీలు దాకా చేరవచ్చు. తొందరపడకుండా వాయిదా వేసిన ఆ డాక్టరు మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

ఆ గడువు మాకు ఎంతో మేలు చేసింది. ఫిజియోథెరపిస్టు అమ్మకి ఒక కసరత్తు నేర్పించాడు. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి పట్టి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. తొడ కండకి ముందే బలం వస్తే ఆపరేషన్ తర్వాత లేచి నిలబడడం తేలికవుతుంది. వాకరు కూడా ముందే కొన్నాం. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే దాని పిడి మణికట్టు ఎత్తుకి రావాలి. అమ్మ రోజూ సాయంత్రం వరండాలో దాంతో నడిచేది.

తెనాలిలో మా ఇల్లు పాతది, గొంతుక్కూర్చునే దొడ్డే ఉండేది. మేస్త్రీని పిలిపించి కమోడ్ పెట్టించాం, పక్కన గోడకి పట్టుకోడానికి స్టీలు రాడ్ బిగించాం. నులక మంచం తీసేసి ఎత్తు మంచం వేశాం. అన్నిటికంటే కష్టమైంది కత్తిపీట. ఇక నేల మీద కూర్చుని కూరలు తరగకూడదంటే అమ్మ మొహం చిన్నబోయింది. చేతులున్న కుర్చీ, బల్ల, చాకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాలసీ నా ఉద్యోగం ద్వారా వచ్చింది. 5 లక్షల కవర్, గది అద్దె రోజుకి 5,000 దాకా. ఆస్పత్రివాళ్లు 8,000 గది చూపించి "మిగతా తేడా మీరు కట్టుకుంటే చాలు" అన్నారు. తేడా అంతటితో ఆగదు. గది పరిమితి దాటితే డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోత పడతాయని పాలసీ కాగితంలోనే రాసి ఉంది. 5,000 లోపు గదే అడిగి తీసుకున్నాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాలసీలో అసలు ఇంటిపేరే లేదు. అది సరిచేయించాకే క్యాష్‌లెస్ అప్లికేషన్ పెట్టాం.

ఖర్చు అంచనాలో ఇంప్లాంట్ (లోపల పెట్టే కొత్త కీలు) ధర విడిగా రాసిమ్మని అడిగాను. మోకాలి ఇంప్లాంట్ల ధరలకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టింది 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ విషయం తెలిసి అడిగితే కౌంటర్‌లో జవాబు సూటిగా వస్తుంది.

మత్తు డాక్టరమ్మ దగ్గరికి మాత్రల పేర్లు రాసుకుని వెళ్లడం కాదు, అట్టలన్నీ సంచీలో వేసుకుని వెళ్లాం. షుగరువి, బీపీవి, రక్తం పలచబడేది, పక్కింటావిడ ఇచ్చిన ఆకుపసరు పొడి కూడా. ఆ పొడి అప్పటికప్పుడు ఆపేయించారు. రక్తం పలచబడే మాత్ర ఏ రోజు నుంచి మానాలో చీటీ మీద రాసిచ్చారు. దాన్ని మనంతట మనం ఆపకూడదు. కాలి మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయొద్దనీ చెప్పారు, చిన్న గాట్లలోంచి కూడా ఇన్ఫెక్షన్ రావచ్చట. ఆపరేషన్‌కి 6 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు దాకా తాగొచ్చన్నారు.

ఇక మిగిలింది బంగారం. థియేటర్‌లో రక్తం ఆపడానికి కరెంటుతో నడిచే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. గాజులు, ముక్కుపుడక సులువుగానే వచ్చాయి. మెట్టెలకి సబ్బునీళ్లు కావలసివచ్చాయి. మంగళసూత్రం తియ్యనంటే తియ్యనంది. చివరికి నాన్న పసుపు తాడుకి పసుపుకొమ్ము కట్టి ఆవిడ మెడలో వేశాకే పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టింది. లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆ తాడు కూడా మెడలో ఉండకూడదని నర్సమ్మ దాన్ని అమ్మ మణికట్టుకి చుట్టి ప్లాస్టరు వేసింది. అమ్మ ఒప్పుకుంది.

మర్నాడే ఫిజియోథెరపిస్టు వాకరు ఇచ్చి నిలబెడితే, ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. డిశ్చార్జి రోజున ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ అడిగి తీసుకున్నాను. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు అందులో ఉంటాయి. ఎడమ మోకాలు కూడా అరుగుతోందన్నారు కాబట్టి ఆ ఫైలు బీరువాలో పైనే ఉంచాం.