పళ్ళ సందులు రోజూ శుభ్రం చేసుకోవడం: ఒక ఫ్లాస్ రీల్ అయిపోయేదాకా నా లాగ్

ముందు ఎందుకు మొదలుపెట్టానో చెప్తా. గార తీయించుకోడానికి డెంటిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ ముందు ఒక సన్నటి గీతల పుల్ల తీసుకుని చిగురుకీ పన్నుకీ మధ్య లోతు కొలుస్తూ పక్కనున్న అసిస్టెంట్‌కి అంకెలు చెప్తూ పోయారు, రెండు, మూడు, రెండు, రెండు అని, పై ఎడమ దవడ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఐదు అన్నారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలేనంట, 4 నుంచి జాగ్రత్త పడాలంట. "బ్రష్ బాగానే చేస్తున్నారండీ, సందుల్లోకే ఏమీ వెళ్ళట్లేదు" అన్నారు. ఆ మాట అలాగే మనసులో ఉండిపోయింది. నేను రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు బ్రష్ చేసే మనిషిని, ఇంకేం కావాలి అనుకునేవాడిని.

ఆలోచిస్తే విషయం తేలికే. పన్నుకి బయటవైపు, లోపలివైపు, నమిలేవైపు, ఇవి కాక పక్క పళ్ళకి ఆనుకునే రెండు పక్కలు ఉంటాయి. బ్రష్ ఆ మొదటి మూడింటికే అందుతుంది. మిగతా రెండు పక్కల్లో పాచి అలా పేరుకుంటూనే ఉంటుంది, కొన్నాళ్ళకి లాలాజలంలో ఉండే ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది, గారయ్యాక ఇంక ఫ్లాస్‌తో (సందులు శుభ్రం చేసే సన్నటి దారంతో) రాదు, డెంటిస్ట్ దగ్గర గీకించుకోవాల్సిందే. అంటే మెత్తగా ఉన్నప్పుడే రోజూ తీసేయాలి.

ఇంటికొచ్చి చూస్తే అద్దం వెనక అరలో ఎప్పుడో కొన్న ఫ్లాస్ డబ్బా దాదాపు నిండుగా ఉంది. ఒకసారికి 45 సెంటీమీటర్ల దారం కావాలి, డబ్బాలో ఉండేది 50 మీటర్లు, అంటే 111 సార్లు. అది రెండేళ్ళయినా అవ్వలేదంటే నేనెన్నిసార్లు వాడానో లెక్క తెలిసిపోతోంది కదా. అందుకే కొత్త రీల్ కొని, ఇది అయ్యేదాకా రాస్తా అనుకున్నా. యాప్‌లో టిక్కు అబద్ధంగా కూడా పెట్టుకోవచ్చు, దారం మాత్రం వాడితేనే తరుగుతుంది.

రోజు 1
జ్ఞాన దంతాలు నాలుగూ తీయించేశా కాబట్టి నాకున్నవి 28 పళ్ళు, అంటే పైన 13, కింద 13, మొత్తం 26 సందులు. అన్నీ చేశా, పదకొండు నిమిషాలు పట్టింది. 14 సందుల్లో రక్తం వచ్చింది. వేళ్ళు బిగుసుకుపోయి ఎర్రబడ్డాయి. ఇలా రోజూ చేయడం నావల్ల కాదని ఆ రాత్రే అర్థమైంది, ఇంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వారంలోపే మానేసింది కూడా సరిగ్గా ఇందుకే, మొదటి రోజే నోరంతా చేయాలని పట్టుబట్టడం, మూడో రోజు నిద్రొస్తుంటే రేపు చేద్దాంలే అనుకోవడం.

రోజు 2 నుంచి 9
పద్ధతి మార్చా. రూలు ఒక్కటే: రాత్రి బ్రష్ చేసి నోరు కడుక్కున్న వెంటనే కింద ముందు పళ్ళ మధ్య ఒకే ఒక్క సందు. అంతే. ఓపికుంటే ఎక్కువ చేస్తా, లేకపోతే అదొక్కటి చేసి పడుకుంటా. ఎనిమిది రోజుల్లో మూడు రోజులు నిజంగానే ఒక్కటే చేసి వదిలేశా, మిగతా రోజులు దారం ఎలాగూ చేతిలో ఉంది కదా అని ఆరు, ఎనిమిది, ఒకరోజు పైవరస మొత్తం.

ఇంకో చిన్న మార్పు, డబ్బాని అర లోంచి తీసి బ్రష్‌లు పెట్టే గ్లాసులోనే పెట్టా. బ్రష్ తిరిగి పెట్టాలంటే చెయ్యి డబ్బాకి తగలాల్సిందే. ఇది చాలా పనిచేసింది.

రోజు 10: ముందా తర్వాతా
ఫ్లాస్ బ్రష్‌కి ముందు చేయాలా తర్వాత చేయాలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు, నేనూ చదివా. శుభ్రత వరకు చూస్తే ముందు ఫ్లాస్ చేసి తర్వాత బ్రష్ చేస్తే సందుల్లోంచి ఊడిన పాచి కొట్టుకుపోతుంది, పేస్టులో ఉండే ఫ్లోరైడ్ కూడా సందుల్లో ఎక్కువ నిలుస్తుందని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెప్తోంది. కానీ అలవాటు కోణంలో 2013లో వచ్చిన ఇంకో పరిశోధన ఉంది, 50 మందిని తీసుకుని సగం మందిని బ్రష్‌కి ముందు, సగం మందిని తర్వాత ఫ్లాస్ చేయమన్నారు, ఎనిమిది నెలల తర్వాత చూస్తే తర్వాత చేసినవాళ్ళలోనే అలవాటు బాగా నిలిచే ధోరణి కనిపించింది. కారణం కూడా నాకు సరిగ్గానే అనిపిస్తోంది, బ్రష్ చేయడం మనకి ఎలాగూ మానని పని, అది అయిపోవడమే తర్వాతి పనికి గంట కొట్టినట్టు ఉంటుంది, అదే ముందు చేయాలంటే గుర్తు చేయడానికి ఏమీ ఉండదు.

నేను తీసుకున్న నిర్ణయం ఇది: అలవాటు పడేదాకా తర్వాత, పడ్డాక ముందుకి మారుద్దాం. మానేసిన మంచి పద్ధతి కంటే రోజూ చేసే మామూలు పద్ధతే నాకు ముఖ్యం.

రోజు 14: రక్తం గురించి
ప్రతి ఆదివారం రాత్రి మాత్రం 26 సందులూ చేసి రక్తం వచ్చినవి లెక్కపెడుతున్నా. నోట్‌బుక్‌లో రెండు వంపుల్లా పళ్ళ వరస గీసుకుని వచ్చిన చోట ఎర్ర చుక్క. మొదటి రోజు 14, వారానికి 11, ఇవాళ 6.

చాలామంది ఆగిపోయేది ఈ రక్తం చూసే, నేనూ ఇంతకుముందు అలాగే ఆగిపోయా, చిగుళ్ళు సున్నితం, దారంతో కోసుకుపోతున్నాయి అనుకుని. నిజానికి చాలాసార్లు తిరగేసి ఉంటుంది, పాచి వల్ల చిగురు వాచి ఉంది కాబట్టే ముట్టుకుంటే రక్తం వస్తోంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే ఆయన, తోటి పరిశోధకులు కలిసి 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ శుభ్రం మొదలుపెట్టాక వారం అటూఇటూగా మామూలైపోయాయి. అది చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇందులో ఫలితం కోసం ఏళ్ళు ఎదురుచూడక్కర్లేదు, రెండు వారాల్లో కళ్ళకి కనిపిస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి, మొదలుపెట్టే ముందే నేను గార తీయించుకున్నా కాబట్టి ఈ తగ్గుదలంతా ఫ్లాస్‌దే అనలేను. అలాగే రెండు మూడు వారాలు సరిగ్గా చేసినా రక్తం తగ్గకపోతే, లేదా రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, డెంటిస్ట్‌కి చెప్పండి.

రోజు 19: చేసే తీరు తప్పు
ఇన్నాళ్ళూ దారాన్ని సందులో దింపి పైకీ కిందకీ రెండుసార్లు లాగి తీసేస్తున్నా. మళ్ళీ వెళ్ళినప్పుడు డెంటిస్ట్ చూసి అలా కాదండీ అని చేసి చూపించారు. నేర్చుకున్నది రాసుకుంటున్నా:

దారం ఎక్కువభాగం ఒక చేతి మధ్యవేలికి, కొంచెం రెండో చేతి మధ్యవేలికి చుట్టుకోవాలి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళతో రెండు మూడు సెంటీమీటర్లు బిగించి పట్టుకోవాలి. బిగుతు సందులోకి గట్టిగా నొక్కకూడదు, రంపం కోసినట్టు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ దింపాలి, లేకపోతే టక్కున దిగి చిగురు కోసుకుంటుంది. దిగాక అసలు పని. దారాన్ని ఒక పన్ను పక్కకి హత్తుకునేట్టు వంచి, చిగురు కిందకి ఆగేంత వరకు మెల్లగా పోనిచ్చి, అక్కడినుంచి పైకి రుద్దుకుంటూ రావాలి, నాలుగైదుసార్లు. తర్వాత అదే సందులో అవతలి పన్నుకి. మధ్యలో ఉన్న చిగురు ముక్కని మాత్రం దారం కోయకూడదు, దాన్ని దాటి పక్కకి వెళ్ళాలి. కొత్త సందుకి కొత్త దారం, ఒక వేలి మీద చుట్టు విప్పుతూ ఇంకో వేలి మీద చుట్టుకుంటూ పోతే సరి. చివరి దవడ పన్ను వెనక వైపు కూడా మర్చిపోకూడదు, అక్కడ పక్కన పన్ను లేకపోయినా పాచి బాగా ఉంటుంది.

తేడా ఆ రాత్రే తెలిసింది, నాలుకతో తడిమితే పళ్ళ పక్కలు నున్నగా కిర్రుమంటున్నాయి.

రోజు 23, 24
రెండు రోజులు తప్పాయి. జ్వరం, బ్రష్ కూడా సరిగ్గా చేయలేదు. ఇంతకుముందైతే వరస తెగిపోయింది కదా అని మొత్తం వదిలేసేవాడిని. 2010లో లండన్‌లో ఫిలిప్పా లాలీ వాళ్ళు 96 మందితో చేసిన పరిశోధన గుర్తుపెట్టుకున్నా, పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టొచ్చు, మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాదని తేలింది. 25న ఒక్క సందుతో మళ్ళీ మొదలుపెట్టా, చివరికి పన్నెండు చేశా.

రోజు 31: దారం తెగడం
కింద కుడివైపు రెండు దవడ పళ్ళ మధ్య ప్రతిసారీ దారం పీచులు పీచులుగా చీలుతోంది. చవక దారం అనుకుని మైనం పూసినది మార్చా, అదీ చీలింది. ఒకే చోట ఎప్పుడూ చీలుతుంటే అక్కడ పాత ఫిల్లింగ్ అంచు బయటికి పొడుచుకుని ఉండొచ్చు, పన్ను పుచ్చి ఉండొచ్చు, గార ఉండొచ్చు అని డెంటిస్ట్ అన్నారు. నాకు ఫిల్లింగ్ అంచే, నున్నగా చేశారు, ఐదు నిమిషాల పని. ఫ్లాస్ చేయకపోతే అది నాకు తెలిసేదే కాదు. ఇలాంటిది మీకూ ఉంటే దారాన్ని తిట్టుకోకుండా చూపించుకోండి.

రోజు 40: చిన్న బ్రష్‌లు
ఆ ఐదు మిల్లీమీటర్ల లోతున్న చోట రక్తం ఆగట్లేదు. వెనక పళ్ళ పక్కలు చదునుగా ఉండవు, వేర్ల దగ్గర లోపలికి గుంటలా ఉంటుంది, దారం ఆ గుంట మీదుగా వంతెనలా దాటిపోతుంది, లోపలికి తగలదు. అక్కడ ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడమన్నారు, సన్నటి తీగ చుట్టూ కుచ్చులుండే బుల్లి బ్రష్. 2019లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (చాలా పరిశోధనల్ని కలిపి చూసేది) కూడా చిగుళ్ళ వాపు విషయంలో ఇవి ఫ్లాస్ కంటే కొంచెం మేలు కావచ్చనే అంది, ఆధారాల బలం తక్కువే అని కూడా చెప్పింది.

సైజు ఎంచుకోవడమే కష్టం. నా సెట్‌లో 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల దాకా రంగుల వారీగా ఉన్నాయి. నేను చేసింది, సన్నదానితో మొదలుపెట్టి, కుచ్చులు పళ్ళకి తగులుతున్నట్టు తెలియాలి కానీ తీగ గీసుకోకూడదు, బలవంతంగా తోస్తే దిగుతుందంటే అది పెద్దది. వెనక నాలుగు సందులకి నీలం 0.6, మిగతా చోట్ల ఏదీ దిగలేదు కాబట్టి దారమే. పేస్ట్ పెట్టక్కర్లేదు. సందులో ఉండగా మెలిపెట్టకూడదు, తీగ విరుగుతుంది, నాకు రెండు అలాగే పోయాయి. వెనక పళ్ళకి కొన కొంచెం వంచుకుంటే సులువు. కుచ్చులు రాలగానే పారేయాలి.

రోజు 58
ఇవాళ రక్తం 2 సందుల్లోనే. టైము నాలుగు నిమిషాలు. ఒక స్నేహితుడు అమెరికా వాళ్ళే 2016లో ఆహార మార్గదర్శకాల్లోంచి ఫ్లాస్ మాట తీసేశారు, అంతా వృథా అన్నాడు. తీసేసిన మాట నిజమే, పరిశోధనలు చాలావరకు చిన్నవి, కొద్దివారాలవి, అది కూడా నిజమే. కానీ నా దగ్గర 14 చుక్కల కాగితం, 2 చుక్కల కాగితం పక్కపక్కన ఉన్నాయి, ఆ నోరు నాది. కాగితాలు చూపించా.

రోజు 71
పడుకున్నాక ఏదో మర్చిపోయినట్టు అనిపించి లేచి వెళ్ళి చూస్తే ఫ్లాస్ చేయలేదు. ఇన్నాళ్ళూ నేను గుర్తుపెట్టుకుని చేసేవాడిని, ఇవాళ నోరే గుర్తు చేసింది. చాలా సంతోషంగా ఉంది, ఇది రాయడానికే నోట్‌బుక్ తీశా. రేపటినుంచి అనుకున్నట్టే ఫ్లాస్ ముందు, బ్రష్ తర్వాత.

రోజు 86
ముందుకి మార్చిన మొదటి వారంలో రెండుసార్లు మర్చిపోయి బ్రష్ నోట్లో పెట్టుకున్నాక గుర్తొచ్చింది. డబ్బాని పేస్ట్ ట్యూబ్ మీద రబ్బర్‌బ్యాండ్‌తో కట్టేశా, అది తీస్తేగానీ పేస్ట్ రాదు. తర్వాత తప్పలేదు.

కింద ముందు పళ్ళ మధ్య చిన్న ఖాళీ కనిపిస్తోంది, భయపడ్డా. వాపు తగ్గితే చిగురు బిగుసుకుని అలా కనిపించడం మామూలేనంట, ఫ్లాస్ వల్ల సందు పెద్దదవ్వదు. 0.4 బ్రష్ ఇప్పుడక్కడ దిగుతోంది.

రోజు 119
రీల్ అయిపోయింది. లాగితే కొస బయటికొచ్చి చేతిలో పది సెంటీమీటర్లు మిగిలింది. 111 రావాలి, తప్పిన రోజులు, మొదట్లో తీసిన చిన్న ముక్కలు కలిపితే లెక్క దగ్గరగానే సరిపోయింది. 1819లోనే లెవీ స్పియర్ పార్మ్‌లీ అనే అమెరికా డెంటిస్ట్ పళ్ళ మధ్య మైనం పూసిన పట్టుదారం వాడమని రాశారంట, రెండొందల ఏళ్ళుగా పని అదే, దారమే నైలాన్ అయింది.

రోజు 123
డెంటిస్ట్ దగ్గర మళ్ళీ కొలతలు. రక్తం ఒక్క చోటే. ఆ ఐదు ఇప్పుడు నాలుగు. మూడు అవుతుందేమో అని ఆశపడ్డా, కాలేదు, వేరు చుట్టూ ఎముక కొంచెం తగ్గిందని, ఆ పోయింది ఫ్లాస్‌తో తిరిగి రాదని ఎక్స్‌రే చూపించి చెప్పారు. అక్కడ రోజూ నీలం బ్రష్ బయటివైపు నుంచే కాక లోపలివైపు నుంచి కూడా పెట్టమన్నారు, ఇన్నాళ్ళూ నేను బయటినుంచే పెడుతున్నా. మూడు నెలలకి మళ్ళీ కొలుస్తారు. రెండో రీల్ గ్లాసులో పెట్టా.