ఇంతమంది థామస్‌లు, ఒకే గొంతు

కంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆరు వారాల పాటు పుస్తకం గాని, తెర గాని చూడకూడదని వైద్యులు చెప్పినప్పుడు, సగంలో ఆగిపోయిన నవల సంగతి ఏమిటన్నదే నా మొదటి దిగులు. చారిత్రక నవలలంటే నాకు చిన్ననాటి నుంచీ ప్రాణం. అయితే వాటిని ఎప్పుడూ కళ్లతోనే చదివాను. చదవడానికి తీరిక లేనివారే ఆడియోబుక్ వింటారని నాలో ఒక చిన్నచూపు ఉండేది. అది పోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చదివే గొంతు ఒక చారిత్రక నవలను ఎలా నిలబెడుతుందో, ఎలా పడగొడుతుందో ఆ మూడు నెలల్లో నాకు తెలిసివచ్చిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఎంచుకున్న పుస్తకం పేరు చెప్పను. నవల మంచిదే, నేను సగం వరకు చదివి ఇష్టపడినదే. ఆడియోలో మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. చదివినాయన గొంతు గంభీరంగా ఉంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంది. కాని ఆయన ప్రతి పాత్రకూ ఒక వేషం కట్టారు. ముసలివారందరికీ వణుకు, సైనికులందరికీ బొంగురు, స్త్రీలందరికీ సన్నని గాలిగొంతు. రాజ్యాన్ని ఏలే రాణి ఆజ్ఞ ఇస్తున్నప్పుడు కూడా ఎవరినో బతిమాలుతున్నట్టే వినిపించేది. ఫ్రెంచివారు ఫ్రెంచివారితో సొంత భాషలో మాట్లాడుకునే సన్నివేశంలో కూడా వారి మాటలకు విదేశీ యాస తగిలించారు. తమ ఇంట్లో తమ భాష మాట్లాడుకునేవారికి యాస ఎక్కడి నుంచి వస్తుంది? ఇక యుద్ధం రాగానే కేకలు, ఆ వెంటనే గుడారంలో గుసగుసలు. నా చేయి ఎప్పుడూ వాల్యూమ్ బటన్ మీదే ఉండేది.

మూడోసారి ఆపినప్పుడు, చదివినంతసేపు నాకు అంతగా నచ్చిన ఒక దృశ్యం ఇప్పుడు ఎందుకు చప్పబడిపోయిందో కూర్చుని ఆలోచించాను. ఆ దృశ్యంలో రాణి ఒక ఉత్తరం మడిచి, దాని మీద లక్క ముద్ర వేసి, అది ఆరే వరకు ఎదురుచూస్తుంది. కాగితం మీద అది చాలా మామూలు వాక్యం. ఆ ఎదురుచూపులో దాగిన కోపాన్ని పుస్తకం చదివినప్పుడు నేను కనిపెట్టాను. ఆడియోలో ఆయన పళ్లు బిగించి ఆ వాక్యాన్ని పలకడంతో కోపం ముందే బయటపడిపోయింది, నేను కనిపెట్టడానికి ఏమీ మిగలలేదు.

ఏ కథకైనా వాచికం ముఖ్యమే. కాని చారిత్రక నవలలో చదివేవారి మీద పడే బరువు వేరు. మన కాలపు కథలో ఒక ఆఫీసు అనో, ఒక రైలు అనో అంటే చాలు, మిగిలింది వినేవారి అనుభవమే పూరిస్తుంది. ఐదు వందల ఏళ్ల నాటి కొలువు విషయంలో ఆ సాయం దొరకదు. బిరుదులు కొత్తవి, పేర్లు కొత్తవి, బంధుత్వాలు చిక్కుముడులు. అచ్చుపుస్తకంలో వంశవృక్షం ఉంటుంది, పాత్రల పట్టిక ఉంటుంది, అధ్యాయం పైన ఊరూ సంవత్సరమూ ఉంటాయి, తికమక పడిన కన్ను రెండు పేజీలు వెనక్కి వెళ్లి సరిచూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. సాధారణంగా ఆడియోబుక్ నిమిషానికి 150 మాటలకు అటూ ఇటూగా సాగిపోతుంటే, ఎవరు ఎవరో, ఇది ఏ ఏడో, ఇప్పుడు మాట్లాడుతున్నది పాత్రా రచయితా అన్నది ఆ ఒక్క గొంతే మనకు తెలియజేయాలి.

ఇది అర్థమైన తరువాత హిలరీ మాంటెల్ రాసిన ‘వుల్ఫ్ హాల్’ ఎత్తుకున్నాను. 2009లో వచ్చి బుకర్ బహుమతి పొందిన ఈ నవలకు నాయకుడు థామస్ క్రామ్‌వెల్. కమ్మరి కొడుకుగా పుట్టి, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ప్రధాన మంత్రాంగవేత్తగా ఎదిగినవాడు. ఈ పుస్తకానికి ఒకటి కంటే ఎక్కువ రికార్డింగులు ఉన్నాయి. నేను విన్నది బెన్ మైల్స్ చదివినది. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 2014లో ప్రదర్శించిన నాటకంలో క్రామ్‌వెల్ పాత్ర పోషించిన నటుడాయన.

ఈ నవలతో తలపడిన ప్రతివారికీ తెలిసిన చిక్కు ఒకటుంది. మాంటెల్ తన నాయకుణ్ణి చాలాచోట్ల పేరుతో చెప్పదు, ‘హీ’ అనే సర్వనామంతోనే నడిపిస్తుంది. గదిలో ఐదుగురు మగవాళ్లు ఉన్నప్పుడు ఆ ‘హీ’ ఎవరో తేల్చుకోవడం అచ్చులోనే కష్టం. తెలుగులో అయితే వాడు, అతను, ఆయన, వారు అనే తేడాతోనే సగం సంగతి తెలిసిపోతుంది. రాజెవరో బంటెవరో సర్వనామమే చెప్పేస్తుంది. ఇంగ్లీషుకు ఆ సదుపాయం లేదు. అందువల్ల చెవితో విని ఈ పుస్తకాన్ని దాటగలనా అని భయపడ్డాను. జరిగింది మరొకటి. కథనం నడిపే గొంతూ క్రామ్‌వెల్ గొంతూ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు నాకు వినిపించాయి. తక్కినవారు మాట్లాడినప్పుడే గొంతు కాస్త పక్కకు జరిగి, వారి మాట పూర్తి కాగానే తన చోటికి తాను తిరిగి వచ్చేది. ఒక గంట గడిచేసరికి ‘హీ’ అని వినిపించగానే అది ఎవరో వెతుక్కోవడం మానేశాను. ఆ మనిషి తల లోపలే కూర్చున్నట్టు అనిపించింది. రచయిత్రి ఆ సర్వనామంతో సాధించదలచుకున్నది కూడా అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

పేర్ల చిక్కు వేరే. ఆ కొలువు నిండా థామస్‌లే: థామస్ వుల్సీ, థామస్ మోర్, థామస్ క్రాన్మర్, థామస్ బొలీన్, థామస్ హోవార్డ్, థామస్ వయట్. పుస్తకం మొదట్లో పాత్రల పట్టికా, రెండు వంశవృక్షాలూ అచ్చువేశారు. వినడం మొదలుపెట్టే ముందు మా అక్క చేత ఆ పట్టిక చదివించుకున్నాను. ఇంగ్లీషులో పదకొండు అక్షరాలున్న ఒక ఇంటిపేరు దగ్గర అక్క ఆగిపోయి, “ఇదెలా పలకాలిరా? రయోథెస్లీయా?” అని అడిగింది. నాకూ తెలియదు. తరువాత ఆడియోలో ఆ మనిషి ఎదురైనప్పుడు, ఆ పొడుగాటి పేరు నోట్లో ‘రిజ్లీ’ అని రెండక్షరాలుగా పలికింది. అలా పిలవండని అతనే చెప్పుకుంటాడు. క్రామ్‌వెల్ ఇంట్లోవారు ఆ మాటనే పట్టుకుని అతనికి మారుపేరు పెడతారు. అచ్చులో ఆ చమత్కారం అందాలంటే పేరు మీద కాసేపు నిలబడాలి. చెవికి అది ఒక్క క్షణంలో అందింది.

ఈ ఉచ్చారణ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. పాతకాలపు పేర్లను, ఊళ్లను, బిరుదులను చదివేవారు పుట్టినప్పటి నుంచీ వాడుతున్నట్టు పలకాలి. మొదట నేను వదిలేసిన పుస్తకంలో ఒకే కోట పేరు ఒక అధ్యాయంలో ఒక రకంగా, మరో అధ్యాయంలో మరో రకంగా వినిపించింది. రెండూ ఒకే కోట అని గ్రహించడానికి నాకు రెండు రోజులు పట్టింది. కష్టమైన పేరుకు ముందు అరక్షణం తటపటాయించినా వినేవారికి తెలిసిపోతుంది. స్టూడియో, మైకు, ముందున్న కాగితం అన్నీ కనిపిస్తాయి, అంతవరకు కట్టుకున్న కాలం కళ్ల ముందు నుంచి జారిపోతుంది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ‘వుల్ఫ్ హాల్’తో మొదలై క్రామ్‌వెల్ కథనే కొనసాగించే ఈ నవలాత్రయంలో 2012లో వచ్చిన రెండోది కాస్త చిన్నదే గాని, 2020లో వచ్చిన మూడోది ‘ది మిర్రర్ అండ్ ది లైట్’ ఒక్కటే సుమారు 38 గంటలు. త్వరగా ముగించాలన్న ఆత్రంతో వేగాన్ని 1.4కు పెంచాను. మాటలన్నీ అర్థమయ్యాయి, సంఘటనలన్నీ గుర్తున్నాయి, కాని రెండు రోజుల్లో నాకు ఆసక్తి తగ్గిపోయింది. కారణం కోసం వెతుకుతూ ఒక సన్నివేశాన్ని మామూలు వేగంలో పెట్టి మళ్లీ విన్నాను. వేగం పెంచితే మాటలతో పాటు విరామాలూ కుదించుకుపోతాయి. హెన్రీ కొలువులో రాజు ప్రశ్న అడిగిన తరువాత జవాబు వచ్చే లోపల ఉండే ఆ కాస్త నిశ్శబ్దంలోనే ప్రాణభయం అంతా ఉంటుంది. 1536 మే నెలలో రాణి అన్ బొలీన్ తలే తెగిపడిన కొలువు అది. అక్కడ ఎవరూ తొందరపడి జవాబు చెప్పరు. ఆ తరువాత వేగాన్ని ఎప్పుడూ 1 దాటనివ్వలేదు.

రెండో నవలకూ మూడో నవలకూ మధ్య, మార్పు కోసం జార్జ్ సాండర్స్ రాసిన ‘లింకన్ ఇన్ ది బార్డో’ విన్నాను. 1862లో అబ్రహాం లింకన్ పదకొండేళ్ల కొడుకు చనిపోయిన తరువాత శ్మశానంలో జరిగే కథ ఇది. దీన్ని 166 మంది చదివారు. మొదటి అరగంట నాకు ఏమీ అందలేదు. తరువాత అది గుంపులో నిలబడి వింటున్నట్టు మారింది, ఆ నవలకు ఆ గుంపే కావాలి కూడా. అయినా నాకు దగ్గరైనది ఒకే గొంతుతో సాగే పఠనమే. నెలల తరబడి ఒకే మనిషి గతాన్ని మనకు చెబుతూ ఉంటే ఆ గొంతు మీద ఏర్పడే నమ్మకం ఇంతమంది మధ్య ఏర్పడదు.

ఇప్పుడు కొత్త చారిత్రక నవల ఎంచుకునేటప్పుడు నమూనాగా వినిపించే మొదటి ఐదు నిమిషాలను బట్టి నిర్ణయించుకోను. ఆరంభం ఎవరైనా శ్రద్ధగానే చదువుతారు. వీలుంటే మధ్యలోకి వెళ్లి, సమాన హోదా గల ముగ్గురు మగవాళ్లు వాదించుకునే చోటు వెతుకుతాను. ఎవరి గొంతూ వికృతం చేయకుండా, కేవలం ఊపు మార్చి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియజేయగలిగితే ఆ పుస్తకం నాది. ఆయుధాల జాబితానో, విందుకు వచ్చినవారి పేర్లనో చదివే తీరు కూడా చూస్తాను. జాబితాను విసుగు పుట్టకుండా చదవగలిగినవారు దేన్నైనా చదవగలరు.

‘ది మిర్రర్ అండ్ ది లైట్’ చివరికి వచ్చేనాటికి నాకు చదువుకోవడానికి అనుమతి వచ్చి చాలా రోజులైంది. అచ్చుప్రతి బల్ల మీదే ఉంది. దాన్ని తెరవకుండా చివరి గంట విన్నాను. క్రామ్‌వెల్‌కు 1540 జూలై 28న శిరచ్ఛేదం జరిగిందని ముందే తెలుసు కనుక కథలో నాకు తెలియనిదేమీ లేదు. అయితే మొదటి నవల మొదటి పేజీలో, రాళ్లు పరిచిన పెరట్లో దెబ్బలు తిని పడి ఉన్న కుర్రవాణ్ణి లేవమంటూ తండ్రి గద్దించే మాట ఒకటుంది. 70 గంటలకు పైగా విన్న తరువాత, చివరి పేజీల్లో అదే మాట, అదే గొంతులో మళ్లీ వచ్చింది. పుస్తకం ముగిశాక నేను ‘వుల్ఫ్ హాల్’ మొదటి నిమిషాన్ని మళ్లీ పెట్టుకున్నాను. అక్క గదిలోకి వచ్చి, “అదేమిటి, మళ్లీ మొదటికొచ్చావు?” అని అడిగింది. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి తన చేతికిచ్చాను.