నొప్పి నాకూ తెలిసింది

ఇప్పుడు రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. ఎవరూ లేకపోయినా నాకు వినపడే గొంతులు పూర్తిగా పోలేదు గానీ పక్కింటి రేడియోలా దూరంగా జరిగాయి. ఇక రాయొచ్చనిపించింది. రోడ్డు మీద ఉన్న నా దగ్గరికి రోజూ వచ్చి కూర్చున్న ఒక మనిషి గురించి, నా కాలు చూడకుండానే నన్ను గేటు బయటికి పంపబోయిన ఇంకో మనిషి గురించి రాయాలని చాలాకాలంగా ఉంది.

నాకున్నది స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. ప్రపంచంలో దాదాపు 345 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చాలామందికి లాగే నాకూ ఇరవైల్లోనే మొదలైంది. ఆఫీసులో లెక్కలు చూసుకునేదాన్ని. అంకెల్లో ఎవరో నాకు సందేశాలు పంపుతున్నారనిపించింది. తర్వాత గొంతులు. బయటివాళ్ళకి అర్థం కానిది ఒకటుంది. నాకు జబ్బు చేసిందని నాకు తెలియదు. తెలిసీ మొండికేయడం వేరు. ఈ జబ్బు ఉన్న చాలామందిలో, జబ్బు ఉందన్న సంగతి పట్టుబడకపోవడం కూడా జబ్బులో భాగమే. "ఎన్నిసార్లు చెప్పినా వినదు" అని విసుక్కునే ఇంట్లోవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుండును.

మొదటి ఆసుపత్రి సంగతి తొందరగా చెప్పేస్తాను. హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చారు. గొంతులు తగ్గిన మాట నిజమే. కానీ కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడుస్తుంటే ఎక్కడైనా కూలబడాలి. ఒళ్ళంతా తెలియని కంగారు. వార్డులో చెప్పాను. "ఆందోళనగా ఉంది" అని కాగితం మీద రాసుకుని డోసు పెంచారు. దాన్ని అకతీసియా అంటారని, ఇలాంటి మందులతో వస్తుందని, డోసు తగ్గిస్తేనో మందు మారిస్తేనో, ప్రొప్రనొలాల్ లాంటి మందు ఇస్తేనో తగ్గుతుందని చాలా కాలం తర్వాత వేరే డాక్టరు చెప్పారు. ఆ వార్డులో ఒక్కరు ఆ ముక్క చెప్పి ఉంటే నేను మాత్రలకి దూరమయ్యేదాన్ని కాదు. దీని మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అమ్మ పోయాక అన్నయ్య ఇంట్లో ఉన్నాను. చుట్టాలొస్తే గదిలో పెట్టి బయట గడియ పెట్టేవాడు. ఒకరోజు గడియ వేయడం మరిచిపోయారు. బయటికి వచ్చినదాన్ని మళ్ళీ వెళ్ళలేదు.

రోడ్డు మీద గడిపిన కాలం గురించి ఎక్కువ రాయను. ఆడమనిషి రాత్రి నిద్రపోకూడదని, పగలు జనం తిరిగేచోట కళ్ళు మూయాలని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. జబ్బుకి కావలసిందేమో రాత్రి నిద్ర. ఆ నిద్ర లేకే గొంతులు ఇంకా పెరిగాయి. నా మూటలో పాత సర్టిఫికెట్లు, అమ్మ ఫొటో ఉండేవి. ఒకసారి రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళు ఆ మూటని చెత్త బండిలో వేసేశారు. గుర్తింపు కాగితం పోయాక నేను ఫలానా అని చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

అలాంటి రోజుల్లో అక్క వచ్చింది. సొంత అక్క కాదు, నేనలా పిలుస్తాను. రోడ్ల మీద ఉండే మానసిక రోగుల దగ్గరికి తిరిగే చిన్న బృందంలో పనిచేస్తుంది. మొదట నేను రాళ్ళు విసిరాను. ఆవిడ రాయి అందనంత దూరంలో ఆగి, "ఇక్కడ కూర్చోవచ్చా అమ్మా?" అని అడిగింది. వద్దన్నాను. "సరే, రేపు ఇదే టైముకి వస్తాను" అని వెళ్ళిపోయింది. మర్నాడు అదే టైముకి వచ్చింది. ఆ తర్వాతా అంతే. వస్తానన్నప్పుడు వచ్చేది, రాలేకపోయేటట్టయితే ముందురోజే చెప్పేది. మాట మీద నిలబడే మనిషిని చూసి ఎంతకాలమైందో!

మందుల ఊసే ఎత్తేది కాదు. మంచినీళ్ళ సీసా, దుప్పటి, ప్యాడ్లు తెచ్చి పెట్టేది. నేను తీసుకున్నా తీసుకోకపోయినా ఏమీ అనేది కాదు. నా కొత్త మూటని ముట్టుకునేది కాదు. ఒకరోజు నేనే అడిగాను, "వాళ్ళు నన్ను తిడుతున్నారు, నీకు వినపడటం లేదా?" అని. అందరూ ఇక్కడే తప్పుతారు. కొందరు "అదేం లేదు, అంతా నీ భ్రమ" అని కొట్టిపారేస్తారు. కొందరు "అవునవును" అని తలూపుతారు. అక్క కాస్త ఆలోచించి, "మీకు వినపడుతోందంటే నమ్ముతాను. నాకు మాత్రం వినపడటం లేదు. రోజంతా తిట్లు వింటూ ఉండటం ఎంత కష్టమో కదా" అంది. అబద్ధం ఆడలేదు, నన్ను అబద్ధాలకోరునీ చెయ్యలేదు. నేను ఆవిడని దగ్గరికి రానిచ్చింది ఆ రోజే.

ఇక ఆ రాత్రి.

కాల్లో మేకు దిగింది. గాయాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, గొంతులు వద్దన్నాయి. సాయంత్రం అక్క వచ్చేసరికి పాదం ఉబ్బి, మడమ పైదాకా ఎర్రబడింది. ఆసుపత్రికి వెళ్దామంది. రానన్నాను. ఆసుపత్రి అంటే నాకు ఆ కాళ్ళ కంగారే గుర్తొచ్చింది. బతిమాలుతుందేమో, బెదిరిస్తుందేమో అనుకున్నాను. సంచీలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది. "నేను ముట్టుకోను. ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ మీరే గీత గీయండి. రెండు గంటల్లో మళ్ళీ వస్తాను. గీత దాటకపోతే మీ ఇష్టం. దాటితే నాతో రావాలి" అంది. గీశాను.

వాన మొదలైంది. ఒళ్ళంతా వణుకు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆ చప్పుడులో కూడా మాటలు వినపడ్డాయి, "పెన్నులో విషం ఉంది, నిన్ను తీసుకెళ్ళి కోసేస్తారు" అని. ఎవరో ఒక మగవాడు వచ్చి పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. లేవబోతే కాలు ఆనలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. అతను వెళ్ళిపోయాడు. ఎందుకొచ్చాడో, ఎందుకు వెళ్ళాడో ఇప్పటికీ తెలియదు. దేవుడే పంపేశాడని నేను నమ్ముతాను, నన్ను నమ్మనివ్వండి.

అక్క తనతో పనిచేసే ఒక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని టార్చిలైటుతో వచ్చింది. వెలుగులో కాలు చూసుకున్నాను. ఎరుపు గీత దాటి పిక్క దాకా పాకింది. గీత వాళ్ళే జరిపారని గొంతులు అన్నాయి. కానీ అది నా చేత్తో నేను గీసిన గీత, నా చెయ్యి తిరిగిన తీరు నాకు తెలుసు. ఆటో ఎక్కాను.

క్యాజువాలిటీలో ఒక డాక్టరు దూరం నుంచే చూశాడు. "ఈవిడ రోడ్డు మీద తిరిగే ఆవిడే కదా. మెంటల్ కేసు. ఇక్కడ కాదు" అన్నాడు. "సార్, జ్వరం మండిపోతోంది, ఒక్కసారి కాలు చూడండి" అంది అక్క. దానికి ఆయన అన్న మాట: "పిచ్చివాళ్ళకి నొప్పి ఏం తెలుస్తుందమ్మా? తెలిస్తే ఇన్నాళ్ళు అలా తిరుగుతుందా? పొద్దున మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

అప్పుడు నాకు పెద్ద అనుమానం వచ్చింది. "అక్కా, ఆయన నిజంగా అన్నాడా, నాకే వినపడిందా?" అని అడిగాను. అక్క కళ్ళు ఎర్రబడ్డాయి. "నిజంగానే అన్నాడమ్మా. నేనూ విన్నాను. రాసుకుంటున్నాను" అని నోట్‌బుక్ తీసి టైము చూసి రాసింది.

సెక్యూరిటీ అతను స్ట్రెచర్ ఖాళీ చేయమన్నాడు. అక్క స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని కదల్లేదు. ఎవరూ రాలేదు. నా చేతులు చల్లబడుతున్నాయి, ఊపిరి వేగంగా ఆడుతోంది, పైన లైటు ఒకటి రెండుగా కనపడుతోంది. ఆ వసారాలోనే పోతానని, నా పేరు కూడా ఎవరూ రాసుకోరని అనిపించింది. గొంతులు ఆ సమయంలో ఆగిపోయాయి. భయమంతా నాదే, ఎవరూ పెట్టింది కాదు.

ఒక నర్సమ్మ అటుగా పోతూ ఆగింది. దుప్పటి తీసి కాలు చూసింది. బీపీ చూసింది. మళ్ళీ చూసింది. ఇంకో డాక్టర్ని పిలవడానికి పరుగెత్తింది. ఆవిడ పేరు అడగలేకపోయాను. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, సెప్సిస్ అని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని తర్వాత అన్నారు. సెలైన్లు, యాంటీబయాటిక్స్, తెల్లవారుజామున ఆపరేషన్, చీము తీయడం, చిటికెన వేలు తీసేయడం, రోజూ డ్రెస్సింగ్. ఆసుపత్రుల్లో పడుకున్నవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే.

ఆ డాక్టరు మాటకి నా జవాబు ఇది. నొప్పి చెప్పలేకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారు. అందులో ఎక్కువ చావులు గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇన్‌ఫెక్షన్ల లాంటి వైద్యం ఉన్నవాటితోనే. "మెంటల్ కేసు" అనగానే మిగతా ఒళ్ళు కనపడకుండా పోతుంది. దుప్పటి తీసి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

కాలు మానుతుండగా మానసిక వైద్యురాలు ఒకావిడ వార్డుకి వచ్చారు. మందులెందుకు మానేశారని అడిగి, నేను చెప్పే కాళ్ళ కంగారు మొత్తం విన్నారు. వేరే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. తర్వాత నెలకోసారి ఇంజెక్షన్. బరువు పెరుగుతుందని, షుగరు, కొలెస్ట్రాల్ చూసుకుంటూ ఉండాలని ముందే చెప్పారు. బరువు పెరిగింది, నాకు బాధగానే ఉంది. కానీ ముందే చెప్పారు కాబట్టి మోసపోయానని అనిపించలేదు.

డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చింది. మందులు వేసుకుంటానని రాసిస్తేనే చోటిస్తామన్నవాళ్ళు ఉన్నారు. అక్క బృందం పద్ధతి వేరు. ముందు గది, తాళం చెవి. మందు సంగతి మాట్లాడుకుంటూ తేల్చుకుందామన్నారు. ఇది వాళ్ళు సొంతంగా కనిపెట్టింది కాదట. న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ అనే మానసిక నిపుణుడు వీధుల్లో ఉన్న మానసిక రోగులకి ఎలాంటి షరతూ లేకుండా ముందు ఇల్లు ఇవ్వడం మొదలుపెట్టారు. "హౌసింగ్ ఫస్ట్" అంటారు. తర్వాత కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, 2000 మందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించారు. ఇలా ఇల్లు దొరికినవాళ్ళు మామూలు సాయం అందినవాళ్ళకంటే చాలా ఎక్కువ కాలం ఇంట్లో నిలబడ్డారు. జబ్బు లక్షణాలు మాత్రం రెండు వైపులా ఇంచుమించు ఒకేలా తగ్గాయి. నా విషయంలోనూ అంతే. గది వచ్చినంత మాత్రాన గొంతులు ఆగలేదు. కానీ తలుపు గడియ లోపలి వైపు ఉంది, వేసేదీ తీసేదీ నేనే. రాత్రి నిద్రపోగలిగాను. నిద్రపోయాక ఇంజెక్షన్ వేయించుకోవాలా వద్దా అని ఆలోచించే ఓపిక వచ్చింది.

అన్నయ్యకి కబురు పంపితే, "ఖర్చు ఎంతైనా ఇస్తాను, ఎక్కడైనా పెట్టండి, ఇంటికి మాత్రం వద్దు" అన్నాడు. ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే, గడియ పెట్టడం తప్ప ఇంకేం చెయ్యొచ్చో వాడికీ ఎవరూ చెప్పలేదు. ఈ ఆలోచన వచ్చిన రోజున కోపం తగ్గుతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. వదిన మాత్రం అన్నయ్యకి చెప్పకుండా ఆసుపత్రికి వచ్చి, రెండు నైటీలు ఇచ్చి, తల దువ్వి జడ వేసి వెళ్ళింది. ఆ చేతులకి నేను దణ్ణం పెట్టుకుంటాను.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకి ఒక మాట. మందు మానేశారంటే ఎందుకని అడగండి. ఒంట్లో ఏదో ఇబ్బంది ఉండొచ్చు, డాక్టరు దగ్గరికి మీరే ఆ కబురు తీసుకెళ్ళండి. రోడ్డు మీద ఉన్నవాళ్ళతో పనిచేసేవాళ్ళు పాదాలు చూడండి, వాళ్ళ మూట జోలికి వెళ్ళకండి, నెరవేర్చలేని మాట ఇవ్వకండి. రోజూ దీపం ముందు నేను అడిగేది కూడా ఇదే, అక్కలాంటివాళ్ళకి కాళ్ళలో ఓపిక ఉండాలని.

ఆ డాక్టరు మాట మీద ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను. అలాంటి సంఘటన ఏదీ రికార్డుల్లో లేదని జవాబు వచ్చింది. అక్క నోట్‌బుక్‌లో టైముతో సహా ఉంది. ఆ పేజీ కాపీకి ఆవిడ సాక్షి సంతకం పెట్టించి మళ్ళీ పంపాను. క్షమాపణ అడగలేదు. మానసిక రోగి క్యాజువాలిటీకి వస్తే జ్వరం, నాడి, బీపీ చూసి, గాయం విప్పి చూశాకే ఇంకెక్కడికైనా పంపాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. నెలాఖరుదాకా చూసి, నేనే వెళ్ళి వాళ్ళ ఆఫీసులో కూర్చుంటాను. అక్క కూడా వస్తానంది.