ఊరికే అరిచే పెట్టె

అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగువాళ్ల ఇంట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్తే పరిచయాలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. ఏ కంపెనీ, ఏ ప్రాజెక్టు, క్లయింటు ఎవరు? "రైల్‌రోడ్‌లో చేస్తానండీ" అంటాను. "ఓ, రైల్వే డొమైనా? టికెటింగా, బిల్లింగా?" అంటారు. కాదండీ, ఎలక్ట్రీషియన్‌ని, ఇంజన్ కింద పిట్‌లో, అంటే పట్టాల మధ్య గోతిలో, దిగి పని చేస్తాను అనేసరికి ఒక్క క్షణం మాట ఆగిపోతుంది. ఆ తర్వాత బిర్యానీ ఎక్కడ తెప్పించారో మాట్లాడుకుంటాం.

సికింద్రాబాద్‌లో ఈ బాధ లేదు. మెట్టుగూడలో మా అక్కావాళ్లుండే వీధిలో సగం ఇళ్లు రైల్వేవే. బావ లోకో పైలట్. నాన్న మౌలాలి డీజిల్ షెడ్‌లో చేసి రిటైరయ్యాడు. పిట్‌లో దిగుతానంటే ఇక్కడెవరూ ఇబ్బంది పడరు, "ఏ షిఫ్టు?" అని అడుగుతారంతే. ఈసారి బోనాలకు వచ్చినప్పుడు మాత్రం మేనల్లుడు పట్టుకున్నాడు. ఈసీఈ డిప్లొమా, మూడో సంవత్సరం. "మామా, గిన్నేండ్ల నుంచి చూస్తున్న, అసలు నువ్వక్కడ జేసేదేంది?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాడికి చెప్పనివి కూడా ఒకటి రెండు ఉన్నాయి.

నేను అమెరికా వెళ్లింది మా ఆవిడ వెనకాల. ఆవిడ సాఫ్ట్‌వేర్, నాది హెచ్-4, అంటే ఆవిడ మీద ఆధారపడి వచ్చే వీసా. అంతకుముందు చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ చిన్న షాపులో పవర్ సప్లై కార్డులు రిపేరు చేసేవాణ్ణి. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ల భార్యాభర్తలు పని చేసుకోవచ్చని 2015లో రూలు వచ్చింది. అదే లేకపోతే ఇప్పటికీ పిల్లల స్కూలు బస్సు కోసం మూలమలుపులో నిలబడుతుండేవాణ్ణి. ఆ పని తక్కువదని కాదు, చేతులు ఊరుకునేవి కావు.

ఇక పని సంగతి. మామూలుగా డ్రైవర్ కిటికీలోంచి చూసి పట్టాల పక్కనున్న సిగ్నల్ చదువుతాడు. పొగమంచు పడితే కష్టం. క్యాబ్ సిగ్నల్ ఉన్న లైన్లో ఆ సిగ్నల్ ఇంజన్ లోపలే, డ్రైవర్ కళ్లముందే వెలుగుతుంది. అది లోపలికి ఎలా వస్తుందనేదే అందం. పట్టాల్లోకి 100 హెర్ట్జ్ కరెంటు వదులుతారు, అదీ ఆపి ఆపి. నిమిషానికి 180 సార్లయితే క్లియర్. 120 అయితే అప్రోచ్ మీడియం, అంటే తర్వాతి సిగ్నల్ దగ్గరికి మధ్యస్థ వేగంతో రమ్మని. 75 అయితే అప్రోచ్, అంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండమని. నిమిషానికి 75 అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి నాడి అంత. పాత రిలే పెట్టెల దగ్గర నిలబడితే ఆ టిక్ టిక్ చెవికి తెలిసిపోయేది. ఏ కోడూ రాకపోతే రెస్ట్రిక్టింగ్, గంటకు 20 మైళ్లు దాటకూడదు. పట్టా విరిగినా, తీగ తెగినా, ముందు ఇంకో రైలున్నా కోడ్ రాదు. కోడ్ రాలేదంటే వేగం తగ్గుతుంది. ఏది పాడైనా క్షేమం వైపే పాడవ్వాలని లెక్క.

రైలుకు ఎదురుగా వచ్చే ఆ కరెంటు మొదటి ఇరుసు గుండా ఈ పట్టా నుంచి ఆ పట్టాకు దాటి వెనక్కి వెళ్లిపోతుంది. ఆ ఇరుసుకు ముందు, పట్టాకు కొన్ని అంగుళాల ఎత్తున రెండు కాయిల్స్ వేలాడుతుంటాయి. రిసీవర్ బార్లంటాం. అవి పట్టాను తాకవు, పట్టాలో కరెంటు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని పైన పెట్టెకు పంపుతాయి. నా ఉద్యోగం ఆ బార్ల నుంచి ఆ పెట్టె దాకా.

"ఎప్పటిది మామా ఇది?" అన్నాడు మేనల్లుడు.

"క్యాబ్ సిగ్నల్ మొదట పెట్టింది 1923లో, పెన్సిల్వేనియాలో. ఈ కోడ్ పద్ధతి ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది."

"వందేండ్లదా! ఇంకా మార్చలేదా?"

పెట్టె మారిందిరా అని చెప్పాను. వాక్యూమ్ ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లొచ్చాయి, అవి పోయి ప్రాసెసర్లొచ్చాయి. పట్టాలో కోడ్ మాత్రం అదే. వేగం పెరిగే కొద్దీ 250 హెర్ట్జ్ అని ఇంకోటి చేర్చారుగానీ పాతది తీసేయలేదు. వాషింగ్టన్ నుంచి బోస్టన్ దాకా ఒకే లైన్ మీద ఎన్నో కంపెనీల రైళ్లు నడుస్తాయి. కోడ్ మార్చాలంటే అన్ని ఇంజన్లూ, అన్ని పట్టాలూ ఒకే రోజు మారాలి. అమెరికా అంటే అన్నీ కొత్తవే అనుకుంటారు మనవాళ్లు. నేను చూసిన రైల్వే అమెరికా నిండా నాన్న వయసు వస్తువులే.

2008లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ దగ్గర రైళ్లు ఢీకొని 25 మంది చనిపోయాక, మనిషి తప్పినా రైలు దానంతట అదే ఆగే ఏర్పాటు ఉండాలని చట్టం తెచ్చారు. గడువులు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020 చివరికి పూర్తయింది. మా లైన్లో దానికోసం క్యాబ్ సిగ్నల్ తీసేయలేదు, దాని మీదే ఇంకో పొర వేశారు. పట్టాల మధ్య ట్రాన్స్‌పాండర్లు, అంటే పైనుంచి వెళ్లే బండికి కబురు చెప్పే పలకలు, పెట్టారు, ఇంజన్ కింద వాటిని చదివే యాంటెన్నా. నాకు పిట్‌లో చూసుకోవాల్సిన వస్తువు ఇంకోటి పెరిగింది.

రూలు ప్రకారం ఈ లైన్లోకి వెళ్లే ప్రతి ఇంజన్‌కూ 24 గంటలకోసారి డిపార్చర్ టెస్టు, అంటే బయల్దేరే ముందు పరీక్ష, చేయాలి. చేసినవాడు కాగితం మీద సంతకం పెట్టి క్యాబ్‌లో ఉంచాలి. 92 రోజులకోసారి పెద్ద టెస్టు. బార్ల పక్కన తీగ లూప్ పెట్టి, టెస్టర్‌తో ఒక్కో కోడ్ పంపి, ఎంత తక్కువ కరెంటుకు పెట్టె పలుకుతుందో, ఎక్కడ వదిలేస్తుందో చూస్తాం. చక్రాలు అరిగాక మళ్లీ కోసి గుండ్రం చేస్తారు కదా, అప్పుడు బండి మొత్తం కిందికి దిగుతుంది, బార్ కూడా దిగుతుంది. టేపు పెట్టి పట్టా నుంచి ఎత్తు కొలిచి సరిచేయాలి. ఎక్కువ ఎత్తులో ఉంటే కోడ్ అందదు, మరీ కిందికుంటే ఏదో ఒక రాయి దాన్ని ఎగరగొడుతుంది.

చదవడానికి తేలిగ్గానే ఉంటుంది. జనవరిలో చేయాలి. మంచులో నడిచి వచ్చిన బండి కింద ఐసు గడ్డ కట్టి బార్ ఎక్కడుందో కనిపించదు. షెడ్‌లో వేడికి అది కరగడం మొదలుపెట్టి నల్లటి నీళ్లు కాలర్ లోపలికి దిగుతాయి. రబ్బరు సుత్తితో చిన్నగా కొట్టుకుంటూ పోవాలి, గట్టిగా కొడితే కాయిల్ పోతుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా షిఫ్టు. సీనియారిటీ తేదీల లెక్కన నడిచే చోట కొత్తవాడికి మిగిలేది రాత్రులూ శనాదివారాలే. దసరా, సంక్రాంతి ఎలాగూ వాళ్ల క్యాలెండర్లో లేవు.

ఒకటి మాత్రం నాన్నకు చాలా నచ్చింది. బండి కింద మనిషి ఉన్నాడంటే రెండు వైపులా నీలం జెండా పెట్టాలి, రాత్రయితే నీలం లైటు. పెట్టినవాళ్లే తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా వేరేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. నాన్న రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

మాకు టెన్షన్ పెట్టేది పూర్తిగా పాడైన పెట్టె కాదు, దాన్ని మార్చేస్తాం. ఉన్నట్టుండి ఒక్క సెకను కోడ్ పోయి మళ్లీ వచ్చేది ఉంటుంది, దాన్ని ఫ్లిప్ అంటారు. క్లియర్ మీద దూసుకుపోతున్న డ్రైవర్ ముందు హఠాత్తుగా రెస్ట్రిక్టింగ్ పడుతుంది, అలారం మోగుతుంది. కొన్ని సెకన్లలో బటన్ నొక్కి, వేగం తగ్గించడం మొదలుపెట్టకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. ఇంతలో కోడ్ తిరిగి వచ్చేస్తుంది, ఏమీ జరగనట్టు. రైలు షెడ్‌కు వస్తుంది, డ్రైవర్ కార్డు మీద 'ఫ్లిప్' అని రాసి పోతాడు. మేం టెస్టు చేస్తాం. అంతా బాగుంటుంది. కార్డు మీద 'లోపం కనిపించలేదు' అని రాసి పంపేస్తాం. అందులో అబద్ధమేమీ లేదు.

పైగా అక్కడ పట్టాల వైపు సామాను సిగ్నల్ యూనియన్‌వాళ్లది, బండి మీద సామాను మాది. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టడానికి లేదు. కాబట్టి ఫ్లిప్ వస్తే మొదటి గంట మీదంటే మీది. చాలా బళ్లకు ఒకే చోట వస్తే తప్పు పట్టాలది, ఒకే బండికి చాలా చోట్ల వస్తే బండిది. ఈ రెంటిలో దేనికీ లొంగనివి కొన్ని ఉంటాయి.

అలాంటి బండి ఒకటి మా షెడ్‌కు తెగ వచ్చేది. కార్డు కార్డుకూ 'లోపం కనిపించలేదు'. పంపేయమనేవాడు ఫోర్‌మన్, పొద్దున సర్వీసుకు బండి కావాలి కదా. డ్రైవర్లలో ఒకావిడ మాత్రం ఉత్త 'ఫ్లిప్' అని రాసేది కాదు. మైలు నంబరు, వాన ఉందా లేదా, ఎంత వేగం, అన్నీ రాసేది. నాతో చేసే పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు, ఆ కార్డులన్నీ ఒక చోట పెట్టి లైన్ మ్యాపు పక్కన పరిచాడు. చోట్లు వేరు వేరు. కానీ అన్నీ ఎడమ వైపు తిరిగే వంపులు, అన్నీ వాన రోజులు.

మా టెస్టు ట్రాక్ తిన్నగా, పొడిగా ఉంటుంది. అక్కడ దొరకదు మరి. బార్ నుంచి వచ్చే కేబుల్ బోగీ, అంటే చక్రాలుండే చట్రం, మీద నుంచి బండి బాడీలోకి ఎక్కే చోట ఒక రబ్బరు తొడుగుంది. బోగీ తిరిగినప్పుడు కేబుల్ అక్కడ లాగబడుతుంది. టెస్టర్‌లో 180 నడిపిస్తూ ఆ తొడుగును తడి గుడ్డతో చుట్టి ఒక పక్కకు మెలిపెట్టాను. పైనుంచి పెద్దాయన కేక వేశాడు, పోయిందని. వదిలాను, వచ్చింది. తొడుగు కోసి చూస్తే లోపల ఇన్సులేషన్ ఒరుసుకుపోయి రాగి పచ్చబడి ఉంది, గోరంత మేర. బయటికి తొడుగు కొత్తదానిలా మెరుస్తోంది.

ఇదంతా విని బావ అన్నాడు, "క్షేమం వైపే ఫెయిలైంది కదా. బండి నెమ్మదైంది, అంతే. దానికెందుకింత తిప్పలు?"

అక్కడ చాలామంది మేనేజర్లు అడిగేదీ ఇదే. అందుకే బావకు మేరీలాండ్‌లోని చేజ్ సంగతి చెప్పాను. 1987 జనవరి 4. కాన్‌రైల్ కంపెనీ ఇంజన్లు మూడు ఎర్ర సిగ్నల్ దాటి మెయిన్ లైన్లోకి వచ్చేశాయి. వెనక నుంచి ఆమ్‌ట్రాక్ ప్యాసింజరు రైలు వచ్చి గుద్దింది. 16 మంది పోయారు. ఇంజన్ సిబ్బంది గంజాయి తాగి ఉన్నారు, అసలు కారణం అదే. కానీ శిథిలాల్లో చూస్తే క్యాబ్ సిగ్నల్లో ఒక బల్బు లేదు, అలారం ఈలకు టేపు చుట్టి ఉంది. ఆ ఇంజన్లలో అలారం మోగడమే తప్ప డ్రైవర్ పట్టించుకోకపోతే బ్రేకు వేసే ఏర్పాటు లేదు. ఆ తర్వాతే ఆ లైన్లో తిరిగే గూడ్సు ఇంజన్లకూ ఆ ఏర్పాటు తప్పనిసరి చేశారు.

బావ కాసేపు చాయ్ తాగాడు. "టేపు చుట్టినోనిది తప్పే. కానీ బామ్మర్దీ, రోజూ సక్కగ పనిజేసే దానికి ఎవడన్న టేపు చుడతడా?"

ముప్పై ఏళ్లు ఇంజన్‌లో కూర్చున్న మనిషి అడిగే ప్రశ్న అది. ఊరికే అరిచే పెట్టె ఒక్కటి చాలు, డ్రైవర్‌కు పక్క బండిలో పెట్టె మీద కూడా నమ్మకం పోతుంది. నా లెక్కలో ఫ్లిప్‌ను వదిలేయడం క్షేమం వైపు ఫెయిలవడం కాదు, టేపు అమ్మడం.

మేనల్లుడికి కవచ్ మీద మనసుంది, రైళ్లు ఢీకొనకుండా దానంతట అదే బ్రేకు వేసే మన రైల్వే ఏర్పాటు అది. ఉండదా మరి, వాడి ఊరిదే అది. లింగంపల్లి నుంచి వికారాబాద్ మీదుగా వాడి జంక్షన్ వైపు వెళ్లే లైన్లోనే మొదట ప్రయోగాలు చేశారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్విని వైష్ణవ్ ఇంజన్‌లో కూర్చుని ఉండగా, ముందున్న ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో బండి దానంతట అదే ఆగింది. అమెరికాలో మా లైన్లో కబురు పట్టాలో వస్తే ఇక్కడ రేడియోలో వస్తుంది. బండి ఎక్కడుందో స్లీపర్ల మీద పెట్టిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు చెబుతాయి. లెవెల్ క్రాసింగ్ దగ్గరకొస్తే హారన్ కూడా అదే కొడుతుంది. తయారుచేసే కంపెనీల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. సిగ్నల్ పని నేర్పే రైల్వే సంస్థ ఇరిసెట్ మా అక్కావాళ్లింటి నుంచి ఆటోలో పది నిమిషాలు, తార్నాకలో.

"గట్లయితే నీ లెక్క బార్లు, ఐసు, ఇవేం ఉండవు కదా మామా. అంతా సాఫ్ట్‌వేరే" అన్నాడు.

ట్యాగు చదివే రీడర్ ఎక్కడుంటుందో అడిగాను. ఇంజన్ కింద. దాని కేబుల్ ఎక్కడి నుంచి పైకి ఎక్కుతుంది? వాడు బావ వైపు చూశాడు. బావ నవ్వాడు, చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత వచ్చి, "కవచ్ కంపెనీలో చేరాల్నా, అమెరికాకు ట్రై చెయ్యాల్నా" అని అడిగాడు. ఏదైనా సరే, ముందు క్రింపింగ్, అంటే తీగ కొసకు కనెక్టర్ నొక్కి బిగించడం, నేర్చుకో అన్నాను. డిప్లొమా మూడో సంవత్సరానికొచ్చినా వాడు ఒక్క కనెక్టర్ కూడా చేత్తో కట్టలేదు. చర్లపల్లిలో నేను పని చేసిన షాపు ఓనరు ఇంకా ఉన్నాడు, ఫోన్ చేస్తే పంపమన్నాడు. జీతం ఇవ్వడు, చాయ్ ఇస్తాడు, చెడిపోయిన కార్డులు కావలసినన్ని ఇస్తాడు. పొద్దున ఎనిమిదికి షట్టర్ తీస్తాడని చెబితే, "ఎనిమిదికా?" అన్నాడు మేనల్లుడు. అక్క వంటింట్లోంచే, "నేను లేపుతలే తమ్మీ, నువ్వు పంపు" అంది.